మందు కాని మందు

మార్గశిరం ప్రవేశించింది. ఏటేటా ఈ రోజుల్లో ఎవరో ఒకరు నాకు పంపే పాకవిధి ఈ ఏడు కూడా వచ్చి చేరింది. పంపినవారు విద్యావంతులు, అమెరికాలో స్థిరపడినవారు, తెలుగు మీద మమకారం ఉన్నవారు. నల్ల తేనీటిలో యాలకులు, లవంగాలు, దాల్చినచెక్క, అల్లం వేసి కాచి, తేనె, నిమ్మరసం చేర్చి, పైన ఒక కొలత విస్కీ పోయాలి. చలిదేశాలవారు దీనిని హాట్ టాడీ అంటారు. అందులో మన మసాలా తేనీరు చేరితే చాయ్ టాడీ.

అంతవరకు నాకు పేచీ లేదు. ఎవరి యింట ఎవరి గ్లాసు వారిది. పాకవిధి అడుగున ఒక వాక్యం ఉంది, నా పేచీ దానితో. ఈ పానీయం చలికి ఒళ్ళు వెచ్చబరుస్తుందట, జలుబును హరిస్తుందట, దీని మూలం మన ఆయుర్వేదంలోనే ఉందట. ఒక్క వాక్యంలో మూడు అసత్యాలు కూర్చడానికి కొంత నేర్పు కావాలి. ఆ నేర్పును మెచ్చుకుంటూనే ఖండించక తప్పడం లేదు.

నేను మద్యం ముట్టను. ముట్టనివాడికి ఈ చర్చతో ఏం పని అని అడిగేవారు ఉంటారు. ఈ చర్చలో సగం భాషకు సంబంధించినది. ముప్పైమూడేళ్ళు నేను చేసిన ఉద్యోగం అదే. మిగిలిన సగం వంటింటిదీ, శరీరశాస్త్రానిదీ. ఆ రెంటినీ తాగకుండానే తెలుసుకోవచ్చు.

మొదట మాట సంగతి. భాషాప్రవీణ చదివినవారికి అర్థవిపరిణామం అనే పాఠం గుర్తుండే ఉంటుంది. చెప్పడానికి జంకే విషయాన్ని మృదువైన మాటతో చెప్పడం సభ్యోక్తి. దీపం ఆరిందనక కొండెక్కింది అంటాం, చనిపోయారనక కాలం చేశారంటాం. ఆ వరుసలోనే మద్యం మన నోట 'మందు' అయింది. మిగిలిన సభ్యోక్తులు దుఃఖాన్నో అమంగళాన్నో కప్పుతాయి. ఇది మాత్రం వస్తువును తలక్రిందులు చేసి చూపుతుంది. రోగం తెచ్చేదానికి రోగం కుదిర్చేదాని పేరు! పైగా 'మందు తాగాడు' అనే వాక్యానికి మన పల్లెల్లో మూడు అర్థాలు. జ్వరం వచ్చి మాత్ర బదులు అరకు పుచ్చుకున్నాడని ఒకటి. సాయంత్రం దుకాణానికి పోయి వచ్చాడని ఒకటి. అప్పు తీర్చలేక పురుగుమందు మింగాడని మరొకటి. వీధి చివర నుంచి ఈ మాట అరుపుగా వినిపిస్తే ఆ యింటి ఇల్లాలు ఏ అర్థం తీసుకోవాలో తెలియక పరుగెత్తవలసిందే. భాషలో నానార్థాలు ఉండటం అలంకారమే కాని, ఇంత ప్రాణాంతకమైన శ్లేష మరొకటి నేనెరుగను.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ఉద్యమించినపుడు దానికి చరిత్రలో నిలిచిన పేరు సారా వ్యతిరేకోద్యమం. 'మందు' వ్యతిరేకోద్యమం అని ఎవరూ అనలేదు. అక్షరాస్యతా కార్యక్రమపు వాచకంలోని ఒక పాఠం వారిని కదిలించిందన్న సంగతి మనలో ఉపాధ్యాయులైనవారు గర్వంతో చెప్పుకుంటాం. అక్షరం నేర్చిన ఆ తల్లులు వస్తువును దాని పేరుతోనే పిలిచారు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలింది. సడలించిన కారణాల మంచిచెడ్డలు ఇక్కడ అప్రస్తుతం. పెద్ద చదువులు చదివినవారికి ఆ తల్లులకున్న పదశుద్ధి లేకపోయిందే అన్నదే నా విచారం.

సభ్యోక్తి మనకే పరిమితం కాదు. విస్కీ అన్న మాట స్కాట్లండు, ఐర్లండుల గేలిక్ భాషలో జీవజలం అనే అర్థమున్న పలుకుబడి నుంచి తెగి వచ్చింది. ఇక టాడీ అంటారా, అది మన దేశపు మాటే. సంస్కృతంలో తాళం, హిందీలో తాడ్, ఆ చెట్టు రసం తాడీ. 17వ శతాబ్దిలో అది కల్లు అనే అర్థంతోనే ఇంగ్లీషులోకి పోయింది. 18వ శతాబ్ది వచ్చేసరికి వేడినీళ్ళు, చక్కెర కలిపిన మద్యానికి అక్కడ పేరైంది. ఇపుడు మసాలా పూసుకుని తిరిగి మన యింటికి వస్తున్నది. రోగులకు బ్రాందీ వైద్యం చేసిన రాబర్ట్ బెంట్లీ టాడ్ అనే వైద్యుని పేరు మీదుగా టాడీ వచ్చిందని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆయన జీవితకాలం 1809 నుంచి 1860. ఆయన పుట్టకముందే ఆ మాట ఇంగ్లీషులో పాతబడింది. కల్లుకు వైద్యుణ్ణి తండ్రిగా నిలబెట్టవలసిన అవసరం ఎందుకు కలిగిందో చదువరులు ఊహించుకోగలరు. తాడిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని మన సామెత. ఇక్కడ సామెత తిరగబడింది. కల్లు పేరున్న దానిని పట్టుకుని పాలంత పథ్యమని నమ్మమంటున్నారు.

(పంచ్ అనే పానీయం పేరు కూడా మన 'పంచ' శబ్దమేనని, మద్యం, చక్కెర, నిమ్మ, నీరు, సుగంధద్రవ్యం అనే అయిదింటి కూడిక వల్ల వచ్చిందని ఎక్కువమంది అంటారు. కొందరు ఒప్పుకోరు. అది వేరొక టపాకు తగిన వాదం.)

ఇక ఒళ్ళు వెచ్చబడటం. విస్కీ గొంతు దిగేటపుడు మంట పుట్టడం, చెంపలు ఎర్రబారడం, ఒంట్లో వెచ్చదనం పాకినట్లు ఉండటం తాగేవారందరూ చెప్పే మాటే. వారు అబద్ధమాడుతున్నారని నేననను. వారి చర్మమే వారితో అబద్ధమాడుతున్నది. మన నాలుకలో, గొంతులో వేడిని కనిపెట్టే గ్రాహకం ఒకటి ఉంది. మిరపకాయ కారాన్ని పసిగట్టేదీ అదే. 1997లో దీనిని గుర్తించిన పరిశోధనకు గాను డేవిడ్ జూలియస్ 2021 నోబెల్ బహుమతిలో భాగం పొందారు. మామూలుగా ఆ గ్రాహకం సుమారు 42, 43 డిగ్రీల వేడి తగిలితే గాని మేలుకోదు. మద్యసారం సోకితే దాదాపు 34 డిగ్రీలకే మేలుకుంటుంది. అనగా మన ఒంటి సహజమైన వేడే మనకు మంటగా తోస్తుంది. బయటినుంచి వచ్చిన వెచ్చదనం ఒక్క పిసరు లేదు.

తరువాతి ఘట్టం ఇంకా విపరీతం. చలి వేసినపుడు శరీరం చర్మం కింది రక్తనాళాలను ముడుచుకుని, వేడిని గుండె, ఊపిరితిత్తులు, కాలేయం ఉన్న లోపలి గదిలో దాచుకుంటుంది. అవసరమైతే వణికి వేడి పుట్టించుకుంటుంది. మద్యం ఆ నాళాలను విప్పుతుంది, వణుకును మందగింపజేస్తుంది. లోపలి వేడి చర్మానికి వచ్చి గాలిలో కలిసిపోతుంది. చలిరాత్రి తలుపులూ కిటికీలూ తెరిచిపెట్టి, వాకిట్లోకి వెచ్చగాలి వస్తున్నదని సంబరపడటం వంటిది ఇది. లంబసింగి మంచు చూడబోయే కుర్రవాళ్ళు సంచిలో సీసా పెట్టుకుని పోతే ఆ తప్పుకు శిక్ష చిన్నదే కావచ్చు. సున్నాకు ఇరవై డిగ్రీలు కిందికి దిగే మినెసోటా రాత్రులలో, తాగి వెచ్చగా ఉందనుకుని కోటు లేకుండా కారు దాకా నడిచేవాడికి అది చిన్నది కాదు. చలిదేశాల వైద్యులు శీతాకాలపు మరణాల గూర్చి మాట్లాడేటపుడు మద్యం ప్రస్తావన రాకుండా ఉండదు.

మంచుకొండల్లో చిక్కుకున్నవారికి సెయింట్ బెర్నార్డ్ కుక్కలు మెడలో చిన్న పీపాతో బ్రాందీ మోసుకుపోతాయని బొమ్మల్లో చూస్తాం. ఆ పీపాను ప్రసిద్ధం చేసినది 1820లో ఎడ్విన్ లాండ్సీర్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు వేసిన పటం. ఆ కుక్కలను పెంచిన ఆల్ప్స్ మఠంవారు తమ కుక్కలు అటువంటివి మోయలేదనే చెబుతూ వచ్చారు. ఒక పటం రెండు వందల ఏళ్ళుగా వైద్యం చేస్తున్నది!

మరి ఆ గ్లాసులో వెచ్చబరచేది ఏదీ లేదా? ఉంది. వేడినీళ్ళు. పక్కన నిలబడి పనిచేసేవి అల్లం, లవంగం, మిరియం. పని వీరిది, కీర్తి విస్కీది. ఈ అన్యాయం నాకు కళ్ళారా కనబడినది మా మేనల్లుడి వంటింట్లో. అతడు మినియాపోలిస్‌లో ఉంటాడు, ఈ పానీయం చేయడంలో దిట్టనని అతని నమ్మకం. గిన్నెలో నీళ్ళు, టీ పొడి, మసాలాలు, విస్కీ అన్నీ ఒక్కసారే పోసి పొయ్యి వెలిగించాడు.

"ఒరే, సాంబారు కాస్తున్నావా, సారా కాస్తున్నావా?" అన్నాను.

"మీకేం తెలుసు మామయ్యా, మరిగితే ఆల్కహాలంతా పోతుంది, ఇక పిల్లలకైనా ఇవ్వొచ్చు," అన్నాడు.

ఈ మాట చాలామంది నోట ఉన్నదే కనుక కొంచెం ఆగి చెప్పాలి. మద్యసారం 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, నీరు 100 దగ్గర. అందువల్ల మొదటిది పూర్తిగా పోయి రెండవది మిగులుతుందని అనుకుంటారు. కలిసిపోయిన ద్రవాలు అలా విడిపోవు. అలా విడిపోయేటట్లయితే బట్టీ పెట్టేవాడికి అంత సామగ్రి ఎందుకు? అమెరికా వ్యవసాయ శాఖవారి పట్టిక ప్రకారం మరిగే ద్రవంలో మద్యం కలిపి వెంటనే దింపితే దాదాపు 85 శాతం మద్యసారం అందులోనే ఉంటుంది. పావుగంట సన్నసెగ మీద ఉంచినా 40 శాతం మిగులుతుంది. పోయేది ముందుగా విస్కీలోని సువాసన. అంటే మేనల్లుడి పద్ధతిలో మిగిలేది మత్తు, ఎగిరిపోయేది రుచి.

తాగేవారు ఎలాగూ తాగుతారు గనుక సరిగా చేయడం ఎలాగో రాస్తాను. కషాయం కాచడం మన అమ్మమ్మలకు తెలిసిన విద్యే, కొత్తది కాదు. ఒక మనిషికి పావు లీటరు నీళ్ళు. రెండు లవంగాలు చాలు. లవంగం ఎక్కువైతే నాలుక మొద్దుబారుతుంది, పంటినొప్పికి దానిని వాడేది అందుకే. యాలకులు మూడు, తొక్కతో సహా చితగ్గొట్టి. దాల్చినచెక్క అంగుళం ముక్క. మన కొట్లలో దొరికే మందపాటి చెక్క ఘాటుగా ఉంటుంది, సింహళపు సన్నచెక్క దొరికితే మేలు. అల్లం గోరంత, దంచినది. ఇవన్నీ చన్నీళ్ళలో వేసి, మూతపెట్టి, సన్నసెగ మీద పది నిమిషాలు ఉంచాలి. మూత తప్పనిసరి. సుగంధతైలాలు ఆవిరితో పోతే వంటిల్లు ఘుమఘుమలాడుతుంది, గ్లాసు బోసిపోతుంది. తరువాత పొయ్యి ఆపి, ఒక చెంచా అస్సాం టీ పొడి వేసి మూడు నిమిషాలు కదపకుండా వదలాలి. టీ పొడిని మసాలాతో పాటు పది నిమిషాలు మరిగిస్తే వగరు దిగుతుంది, ఆ వగరుకు జడిసి తేనె రెట్టింపు పోస్తారు. పాలు వద్దు. నిమ్మరసం పడగానే విరుగుతాయి. పాలతోనే కావాలనేవారు నిమ్మ మానుకోవాలి.

వడగట్టి, గ్లాసును వేడినీళ్ళతో తొలిపి, అందులో పోసి కొంత చల్లారనివ్వాలి. 65 డిగ్రీలు దాటిన పానీయాలను అలవాటుగా తాగడం అన్నవాహికకు మంచిది కాదని 2016లో అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ హెచ్చరించింది. (అదే సంస్థ మద్యాన్ని 1988లోనే నిర్ధారిత కేన్సర్ కారకాల్లో చేర్చింది. ఇది మాత్రం పాకవిధుల్లో ఎవరూ రాయరు.) అపుడు తేనె ఒక చెంచా, నిమ్మరసం అర చెంచా. అన్నింటికీ చివర, పొయ్యికి దూరంగా, విస్కీ 30 మిల్లీలీటర్లు. మొక్కజొన్నతో చేసి, లోపల కాల్చిన కొత్త ఓకు పీపాల్లో ఉంచిన అమెరికా బర్బన్‌కు దాల్చినచెక్కతో పొత్తు కుదురుతుందని తాగేవారి మాట. పొగవాసన స్కాచ్ అయితే యాలకుల ఉనికి తెలియదట. పన్నెండేళ్ళు పీపాలో మాగిన ఖరీదైన సరుకును తెచ్చి అందులో లవంగాలు వేసేవారి బుద్ధికి నేను జోహారు అర్పిస్తాను.

ఇపుడు ఒక పరీక్ష. ఆ గ్లాసును విస్కీ పోయకముందు ఒకరికి, పోశాక ఒకరికి ఇవ్వండి. జలుబు చేసినవారిలో ఎవరికి హాయి? కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో 2008లో జలుబు, ఫ్లూ లక్షణాలున్నవారికి ఒక పండ్ల పానీయాన్ని కొందరికి వేడిగా, కొందరికి గది చలువలో ఇచ్చి చూశారు. వేడిది తాగినవారికి ముక్కు కారడం, దగ్గు, తుమ్ములు, గొంతునొప్పి, వణుకు, అలసట అన్నింటిలో ఊరట కనిపించింది. అందులో మద్యం లేదు. మన మిరియాల పాలు, శొంఠి కాఫీ, తులసి కషాయం వెనుక ఉన్న రహస్యమంతా ఆ గ్లాసులోనే ఉంది. విస్కీ చేరితే నిద్ర త్వరగా పట్టవచ్చు కాని, ఆ నిద్ర మధ్యరాత్రి తెగుతుంది, గొంతు ఎండుతుంది. జలుబుకు వేసుకునే మత్తు మాత్రలతో, పారాసిటమాల్‌తో మద్యానికి పొసగదన్న సంగతి మందుల షాపులో కుర్రవాడు కూడా చెబుతాడు.

ఆయుర్వేదం దగ్గరికి వద్దాం. అరిష్టాలు, ఆసవాలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. దశమూలారిష్టం పులియబెట్టినదే. అందులో తనంతట పుట్టే మద్యసారం సాధారణంగా 12 శాతానికి లోబడి ఉంటుంది. వైద్యుడు చెప్పిన కొద్ది చెంచాలు, సమానంగా నీళ్ళు కలిపి, భోజనం తరువాత పుచ్చుకుంటారు. మన దేశపు విస్కీలో 42.8 శాతం. పెద్ద పెగ్గు అనే 60 మిల్లీలీటర్లలో ఇరవై గ్రాముల శుద్ధ మద్యసారం. రెంటినీ ఒకే గాటను కట్టడం గోరువెచ్చని నీటినీ సలసల కాగే నూనెనూ రెండూ వేడే కదా అనడం వంటిది. చరక సంహితలో మద్యాన్ని మెచ్చిన మాటలు ఉన్నాయి, నేను దాచను. ఆ మాటలు ఉన్నది చికిత్సాస్థానం 24వ అధ్యాయంలో. దాని పేరు మదాత్యయ చికిత్స, అనగా తాగుడు వల్ల పుట్టే రోగానికి చికిత్స. మెప్పును ఉల్లేఖించేవారు అధ్యాయం పేరు చెప్పరు. ఇంకొక చమత్కారం. వేడి చేసిన తేనెను ఆయుర్వేదం నిషేధించింది. ఆయుర్వేదం పేర సలసల కాగే తేనీటిలో తేనె గుమ్మరించే ఈ పాకవిధిని ఏ వైద్యుడి దగ్గరికైనా తీసుకుపోండి, విస్కీ దాకా పోకుండానే వెనక్కి పంపుతాడు.

ఇంత కఠినంగా రాయడానికి కారణం ఉంది. నేను ఒక పల్లె బడిలో పనిచేసే రోజుల్లో, పుష్యమాసపు ఉదయం, ఆరవ తరగతిలో ఒక పిల్లవాడు బల్ల మీద తల వాల్చేశాడు. దగ్గరికి పోతే బ్రాందీ వాసన. దగ్గు తగ్గుతుందని వాళ్ళ నాయనమ్మ రెండు చెంచాలు వేడినీళ్ళలో కలిపి పోసిందట. ఆమె దుర్మార్గురాలు కాదు. మనవడి మీద ప్రాణం పెట్టుకున్న మనిషి. అందరూ దానిని మందు అంటున్నారు కనుక ఆమె మందుగానే పోసింది. పసిపిల్లల కాలేయం మద్యసారాన్ని పెద్దల వలె తట్టుకోలేదు, రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు అని ఆమెకు ఎవరు చెప్పారు? ఏడాది నిండని పాపలకు తేనె కూడా ఇవ్వకూడదని ఎందరికి తెలుసు? ఆ పిల్లవాణ్ణి సైకిలు మీద ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయాం, సాయంత్రానికి తేరుకున్నాడు. చలికాలం రాగానే జలుబు పిల్లలకు ఒక చెంచా బ్రాందీ అనే సలహా నేటికీ చదువుకున్నవారి ఇళ్ళల్లోనూ వినబడుతున్నది. అటువంటి నాయనమ్మ చేతిలో ఫోను ఉండే కాలమిది. తెలుగులో రాసిన పాకవిధిని ఆమె మనవరాలు ఆమెకు చదివి వినిపిస్తుంది. అందులో 'జలుబును హరించును' అని ఉంటే ఆమె నమ్ముతుంది, అచ్చయిన మాట కనుక.

అందుచేత పాకవిధి పంపిన మిత్రులకు నా విన్నపం చిన్నది. విధానం ఉంచండి. అడుగు వాక్యం కొట్టివేయండి. జలుబు చేసినవారికి విస్కీ లేని గ్లాసు అని ఒక్క మాట చేర్చండి. పేరు కూడా మార్చండి. చాయ్ టీ అని రాశారు ఒకచోట. చాయ్ అన్నా టీ అన్నా ఒకటే, పునరుక్తి దోషం. హాట్ టాడీని తెనిగిస్తే వేడి కల్లు అవుతుంది, కల్లు గీసేవాడు నవ్వుతాడు. కషాయం అనకండి, అది మళ్ళీ మందే. పానకం అనకండి, శ్రీరామనవమికి పందిట్లో పంచేది అది. నాకు తోచినంతలో 'విస్కీ తేనీరు' నిక్కమైన పేరు. అందులో ఏముందో అదే చెబుతుంది, తేనీరు అన్న మాటలో ధ్వనించే తేనె ఈ ఒక్క పానీయంలో నిజంగానే ఉంది కూడా. ఇంతకంటె మంచి మాట ఎవరికైనా తోస్తే వ్యాఖ్యలో తెలపండి. 'మందు' అని మాత్రం రాయకండి, ప్రచురించను.